పైలటు లైసెన్సులు: ఏది ఎవరికి తగును?

ఇంటర్మీడియేటులో గణిత భౌతిక శాస్త్రములు చదివిన కుమారుడుగాని కుమార్తెగాని, అందరివలె ఇంజనీరింగునకు పోవుట తనకు సమ్మతము కాదనియు, విమానము నడుపుటయే తన చిరకాలాభిలాష యనియు తల్లిదండ్రులకు చెప్పిననాడు, ఆ ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న ఖర్చును గూర్చినది, రెండవది ఉద్యోగమును గూర్చినది. రెండును న్యాయమైన ప్రశ్నలే. కాని వానికంటె ముందు అడుగవలసినది మరియొకటి కలదు. అది తేలనిదే ఈ రెంటికి సరియైన సమాధానము దొరకదు. పైలటు లైసెన్సు అనునది ఒక్కటి కాదు. విద్యార్థి లైసెన్సు, ప్రైవేటు లైసెన్సు, కమర్షియల్ లైసెన్సు, ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అని అంతస్తులు కలవు; విమానమునకు వేరు, హెలికాప్టరునకు వేరు, గ్లైడరునకు వేరు అని శాఖలు కలవు; మేఘములలో ఎగురుటకును, రెండు ఇంజన్ల విమానమును నడుపుటకును, ఇతరులకు నేర్పుటకును వీనికి తోడుగా చేరు రేటింగులు కలవు; నేలమీద నిలిచి డ్రోను నడుపువారికి వేరొక ధ్రువపత్రము కలదు. దేనికి శిక్షణ పొందదలచితివని అడిగినచో ‘పైలటు కోర్సు’ అను ఒక్క మాటతో సరిపెట్టు యువజనులును, ఆ మాటను నమ్మి పొలము తాకట్టుపెట్టు తండ్రులును మన రెండు తెలుగు రాష్ట్రములలోను కలరు. ఈ సమీక్ష వారికొరకు వ్రాయబడినది.

ఈ భేదములు యంత్రపు పరిమాణమునుబట్టి ఏర్పడినవని, అనగా చిన్న విమానమునకు చిన్న లైసెన్సు, పెద్ద విమానమునకు పెద్ద లైసెన్సు అని, పలువురు తలంతురు. అది సరికాదు. 180 మందిని మోసికొనిపోవు జెట్టు విమానములో కుడివైపు కూర్చుండు కో-పైలటు వద్ద మన దేశమున తరచుగా నుండునది కమర్షియల్ లైసెన్సే. నాలుగు సీట్ల చిన్న విమానములో ఒక్క మనిషిని రుసుము పుచ్చుకొని దింపివచ్చుటకు కావలసినదియు ఆ లైసెన్సే. చట్టము ప్రధానముగా చూచునది ఇంజను బలమును కాదు. పైలటు వెనుక కూర్చున్నది ఎవరు, వారు స్నేహముచేత కూర్చున్నారా ధనమిచ్చి కూర్చున్నారా, అతని నేర్పును తామై పరీక్షించుకొను వీలు వారికి ఉన్నదా అని చూచును. తన యింట తనవారికి వండిపెట్టుట వేరు, ముక్కుమొగము తెలియని వేయిమంది కూర్చుండు పంక్తికి వండుట వేరు. రెండవదానికి పైవారి పర్యవేక్షణ ఉండి తీరవలెను. అన్యుల విశ్వాసము ఎంత హెచ్చుగా మోయవలసివచ్చునో, అంతకు తగినట్లు గంటలును, పరీక్షలును, వైద్యపరిశీలనమును హెచ్చుచుండును. కావున లైసెన్సును ఎంచుకొనుటయనగా ఎవరి ప్రాణములకు, ఎంతకాలము, ఏ విధమున బాధ్యత వహింపదలచితిమో నిశ్చయించుకొనుటయే యని నా అభిప్రాయము.

ఈ విభాగము నేటిది కాదు. ఆంగ్లేయుల యేలుబడిలో సొంతమునకు ఎగురువారికి ‘ఏ’ లైసెన్సును, వేతనమునకు ఎగురువారికి ‘బి’ లైసెన్సును ఇచ్చుచుండిరి. 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె.ఆర్.డి. టాటా మన దేశమున మొదటి సంఖ్యగల లైసెన్సును అందుకొనునాటికి విమానయానము సంపన్నుల వినోదముగనే యుండెను. 1932 అక్టోబరు 15న ఆయనయే కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా సంచులు తెచ్చిననాడు ఆ వినోదము వృత్తిగా పరిణమించెను. 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశములవారు అంతర్జాతీయ ఒడంబడికపై సంతకములు చేసిన పిమ్మట, దాని మొదటి అనుబంధము పైలటు లైసెన్సులకు అన్ని దేశములును పాటింపవలసిన కనీస ప్రమాణములను నిర్దేశించెను. మన 1937 నాటి విమాన నియమావళి ఆ ప్రమాణములను తనలో చేర్చుకొనుచు పెరిగినది. 1934 నాటి చట్టమునకు బదులు వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1నుండి అమలులో నున్నది. లైసెన్సులను ప్రసాదించు అధికారము పౌరవిమానయాన డైరెక్టరు జనరలుది. విద్యార్థుల నోట అది డి.జి.సి.ఏ.

హైదరాబాదునకు సంబంధించిన ఒక చరిత్రాంశమును ఇచట చెప్పకుండ ముందునకు పోజాలను. ప్రేమ్ మాథుర్ అను మహిళ 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించి ఉద్యోగమునకై విమానసంస్థల తలుపులు తట్టగా, స్త్రీ యను కారణముచేత ఒకదాని తరువాత ఒకటి ఆమెను త్రోసిపుచ్చినవి. తుదకు ఆమెను చేర్చుకొన్నది బేగంపేట కేంద్రముగా నడచుచుండిన దక్కన్ ఎయిర్‌వేస్. లైసెన్సులో ఆమె పురుషులకు ఏమాత్రము తీసిపోలేదు. లోపము లైసెన్సు ఇచ్చిన వారిది కాదు, పని ఇవ్వవలసిన వారిది. లైసెన్సు అర్హతకు సాక్ష్యమేగాని ఉద్యోగమునకు హామీ కాదను సత్యము నాడును నేడును ఒక్కటియే. నేటి యువకులకు అడ్డుపడునది లింగభేదము కాకపోవచ్చును, విపణి ఎగుడుదిగుడులు కావచ్చును; అడ్డు మాత్రము అడ్డే.

అన్నిటికి ముందుండునది విద్యార్థి లైసెన్సు. 16 ఏండ్లు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణులై, వైద్యపరీక్షలో నెగ్గినవారికి ఇది లభించును. దీనితో బోధకుని అనుమతిపై ఒంటరిగా ఎగురవచ్చును, ప్రయాణికులను ఎక్కించుకొనరాదు. ఇది ప్రవేశద్వారమే కనుక దీనినిగూర్చి ఎంపిక యను మాట లేదు. నిజమైన ఎంపిక ప్రైవేటు లైసెన్సువద్ద మొదలగును. 17 ఏండ్ల ప్రాయము, రెండవ తరగతి వైద్య ధ్రువపత్రము, 40 గంటల విమానానుభవము దీనికి కావలెను. ఇది చేతనున్నవాడు తన మిత్రులను బంధువులను వెంటబెట్టుకొని ఎగురవచ్చును. అందుకు ప్రతిఫలము మాత్రము స్వీకరింపరాదు.

ఈ ప్రైవేటు లైసెన్సును వ్యర్థవ్యయమని తీసిపారవేయు అలవాటు మనలో ప్రబలినది. విద్యార్థి లైసెన్సుతోనే 200 గంటలు పూర్తిచేసి నేరుగా కమర్షియల్ లైసెన్సునకు దరఖాస్తు చేయుట మన నియమములలో సాధ్యమే గనుక, నడుమ ఈ మజిలీ ఎందులకని అడుగుదురు. నా మతమున ఈ మజిలీ మిక్కిలి విలువైనది. తెల్లవారుజామున విమానపు రెక్కక్రింద వంగి, ఇంధనపు ట్యాంకు అడుగుననున్న చిన్న మరను సన్నని పారదర్శక గొట్టముతో పైకి నొక్కి, అందులో దిగిన ఇంధనమును వెలుతురునకు ఎత్తిపట్టి చూచు విద్యార్థిని దగ్గరనుండి చూచినవారికి నా మాట బోధపడును. ఈ చిన్న విమానములలో వాడు ఏవ్‌గ్యాస్ లేత నీలిరంగుతో నుండును. రాత్రి చలికి ట్యాంకులో చేరిన తేమ నీరై అడుగునకు దిగియున్నచో, గొట్టములో నీలిరంగు క్రింద రంగులేని బొట్టు వేరుగా నిలిచి కనిపించును. అది కనిపింపకుండ పోవువరకు మరల మరల తీసి పారబోయవలెను. ఆ బొట్టు ఇంజనును చేరినచో చెట్లపై ఎత్తున, దిగుటకు చోటులేనివేళ, ఇంజను ఆగిపోవచ్చును. బోధకుడు చూచుచున్నను చూడకున్నను, ముందురోజు అదే విమానమున తానే ఎగిరియున్నను, ఈ పనిని విడువకుండ చేయు స్వభావము తనకు కలదా లేదా యని మొదటి 40 గంటలలో విద్యార్థికి తెలిసిపోవును. కమర్షియల్ లైసెన్సునకై అర్ధకోటి రూపాయలు వెచ్చించిన పిమ్మట తెలియుటకంటె అందులో అల్పభాగముతో తెలియుట మేలు కాదా?

అయితే ప్రైవేటు లైసెన్సు దగ్గరనే ఆగిపోయి, వృత్తి మరొకటి యుండి, వారాంతమున ఎగురవలెనని కోరువానికి మన దేశము అంత అనుకూలమైనది కాదని ఒప్పుకొనక తప్పదు. అద్దెకు విమానములిచ్చు క్లబ్బులు స్వల్పము. ఏవ్‌గ్యాస్ 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ ఇచటనే తయారుచేయ మొదలిడువరకు విదేశములనుండి తెచ్చుకొనవలసినదిగా నుండెను. చిన్న విమానము దిగుటకు అనువైన ఊళ్లు కొన్నియే. అమెరికాలో స్థితి వేరు. అచట సాఫ్టువేరు కొలువులలోనున్న తెలుగువారు కొందరు ఈ లైసెన్సునే ధ్యేయముగా సాధించి, సెలవు దినములలో కుటుంబముతో పొరుగు రాష్ట్రములకు ఎగిరివచ్చుచున్నారు. తోడివారితో ఆనాటి ఖర్చును సమముగా పంచుకొనుటకు అచటి నియమములు అనుమతించును. 2004లో అచట ఏర్పడిన స్పోర్టు పైలటు ధ్రువపత్రము 20 గంటల అనుభవముతోనే లభించును, వైద్య ధ్రువపత్రమునకు బదులు మోటారు డ్రైవింగు లైసెన్సే చాలును. వినోదమే ప్రయోజనమైనవాడు అచటనుండగా దీనిని నేర్చుకొనుట ఉచితము.

ఇక కమర్షియల్ లైసెన్సు. మన పిల్లలలో నూటికి తొంబదిమంది కోరునది ఇదియే గనుక దీనిపై కొంత తడవు నిలువవలెను. 18 ఏండ్ల వయస్సు, గణిత భౌతిక శాస్త్రములతో ఇంటర్మీడియేటు, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రము, 200 గంటలు అనునవి స్థూలముగా అందరెరిగినవే. ఇతర గ్రూపులు చదివినవారు ఆ రెండు శాస్త్రములను జాతీయ సార్వత్రిక పాఠశాలద్వారా వ్రాసి చేరుచున్నారు. వైమానిక నియమములు, దిశానిర్ణయము, వాతావరణశాస్త్రము, సాంకేతిక విషయములు అను పరీక్షలలో నూటికి 70 మార్కులు రావలెను. ఇవిగాక రేడియో సంభాషణకు వేరొక పరీక్ష కలదు. ఇవన్నియు పుస్తకములతో గట్టెక్కగల గండములు. శ్రద్ధగా గమనింపవలసినది ఆ 200 గంటల లోపలి విభజన.

వానిలో 100 గంటలు విద్యార్థి తానే విమానమునకు అధిపతియై ఎగిరినవి కావలెను. అధిపతిగా చేసిన దూరప్రయాణములు 20 గంటలు ఉండవలెను. అందొకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గక, నడుమ రెండు వేర్వేరు విమానాశ్రయములలో పూర్తిగా దిగి నిలిచినదై యుండవలెను. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున గల దూరముకంటె ఇది అధికము. వెలుపలి దృశ్యము చూడక పరికరములను మాత్రమే నమ్మి ఎగిరినవి 10 గంటలు, రాత్రివేళ 5 గంటలు, ఆ రాత్రులలో 10 ఆరోహణములు 10 అవరోహణములు కావలెను. ఈ అంకెలు గుమాస్తా కల్పనలు కావు. అధిపతిగా ఎగిరిన 100 గంటలు పక్కన బోధకుడు లేనప్పుడు నిర్ణయము చేయు ధైర్యమును కొలుచును. దూరప్రయాణము బయలుదేరినప్పటి ఆకాశము దిగునప్పటికి మారిపోవునను అనుభవమును ఇచ్చును. పరికరములపై ఎగురుట, తన శరీరము చెప్పు మాట అబద్ధమై పరికరము చెప్పునది నిజమగు స్థితి ఒకటి కలదని నేర్పును.

విద్యార్థి లాగ్‌బుక్కు పుటలను తిరుగవేసినచో ఈ విభజన ఎంత నిర్దయమైనదో తెలియును. ప్రతి యెగురుటకు తేదీ, విమానపు గుర్తు, బయలుదేరిన చోటు, దిగిన చోటు వ్రాసి, గడచిన కాలమును బోధకునితో ఎగిరినది, తానే అధిపతిగా ఎగిరినది, పగటిది, రాత్రిది, పరికరములపైనిది అని వేర్వేరు గడులలో పంచవలెను. ఒక గడిలో పడవలసిన కాలము మరొక గడిలో పడరాదు. మొత్తము 200 నిండినను అధిపతి గడిలో 94 మాత్రమే తేలిన విద్యార్థి, మిగిలిన ఆరు గంటలకై మరల విమానము అద్దెకు పుచ్చుకొనవలెను. శిక్షణసంస్థ పంపిన ప్రకటనపత్రములో ‘200 గంటలు’ అనియుండుట చాలదు. ఏ గడిలో ఎన్ని గంటలో ముందే వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను.

విదేశములకు పోవువారి విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనా రాష్ట్రములకును, న్యూజిలాండు, దక్షిణాఫ్రికాలకును మన విద్యార్థులు పోవుచున్నారు. ఆకాశము నిర్మలముగ నుండు దినములు హెచ్చు, విమానములు హెచ్చు, అందువలన కాలము కలిసివచ్చును. కాని అమెరికా కమర్షియల్ లైసెన్సునకు సామాన్యముగా 250 గంటలు కావలెను. ఆ గంటల విభజన మన విభజనతో అక్షరాల సరిపోలదు. తిరిగివచ్చినవాడు మన పరీక్షలు వ్రాసి, మన వైద్యపరీక్ష నెగ్గి, అవసరమైన నైపుణ్యపరీక్షలు ఇచ్చి ఆ లైసెన్సును మార్చుకొనవలెను. అచటనే ఉద్యోగము చేయవచ్చునను ఆశతో పోవువారు వీసా నియమములను ముందుగా చదువవలెను. అమెరికా యువకుడు లైసెన్సు రాగానే బోధకుడై, పరుల ఖర్చుతో గంటలు కూడబెట్టుకొనును; వృత్తివిద్యకై ఇచ్చు ఎం-1 వీసాపై పోయిన మనవానికి చదువు ముగిసిన పిమ్మట పనిచేయు అనుమతి మించినచో ఆరునెలలే. ఈ ఒక్క వాక్యము తెలియక అప్పులపాలైన కుటుంబములు కలవు.

ధనమును గూర్చి దాపరికము లేకుండ చెప్పవలెను. ఈనాటి లెక్కలో కమర్షియల్ లైసెన్సునకు అర్ధకోటి రూపాయలకు అటునిటు కావలసివచ్చుచున్నది. అంతటితో తీరదు. జెట్టు విమానము నడుపుటకు ఆ ప్రత్యేకమైన విమానమునకు టైప్ రేటింగు అను శిక్షణ సిమ్యులేటరుపై పొందవలెను. దానికి మరికొన్ని లక్షలు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానములను, ఇండిగో 500 విమానములను కొన నిశ్చయించినవి గనుక పైలట్లకు కొరతయే యుండునని శిక్షణసంస్థలు చెప్పును. అది అసత్యము కాదు. కాని అదే 2023లో గో ఫస్ట్ ఎగురుట మానెను. అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడినవి. ఒక్కొక్కటి మూతపడినప్పుడెల్ల వేల గంటల అనుభవముగల పైలట్లు విపణిలోనికి వచ్చి, 200 గంటల నూతనుని ముందు వరుసలో నిలుచుండిరి. శిక్షణ మొదలిడిననాటి గిరాకిని చూచి అప్పు చేయరాదు. లైసెన్సు వచ్చిన తరువాత రెండేండ్లు పని దొరకకున్నను వడ్డీ కట్టగలమా యని లెక్కించుకొని చేయవలెను. శిక్షణతోపాటు దూరవిద్యద్వారానైనను ఒక డిగ్రీ పూర్తిచేయుట అట్టి దినములలో ఆదుకొనును.

ఈ లెక్కలన్నిటికంటె ముందు చేయవలసిన పని వైద్యపరీక్ష. అద్భుతమైన దృష్టియున్నవారికే ఇది సాధ్యమను అపోహ కలదు; కళ్లద్దములతో దృష్టి సరిపోయినచో అనర్హత లేదు. కాని రంగులను వేరుపరచి గుర్తింపలేని లోపము, గుండెకు, చెవికి, నాడులకు సంబంధించిన కొన్ని రోగములు మొదటి తరగతి ధ్రువపత్రమునకు అడ్డుపడును. వీనిలో కొన్ని తమయందున్నట్లు ఆరోగ్యవంతులకును తెలియదు. రుసుము చెల్లించి, గంటలు ఎగిరి, ఆ పిమ్మట మొదటి తరగతి పరీక్షకు పోయి నిరాకరింపబడిన వారి వ్యథ వర్ణింపరానిది. కమర్షియల్ లైసెన్సు కోరువాడు రెండవ తరగతితో తృప్తిపడక, సంస్థలో చేరుటకు ముందే మొదటి తరగతి పరీక్షయు చేయించుకొనవలెను. ఈ మాటను ఎన్నిమార్లు చెప్పినను అధికము కాదు.

ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు లైసెన్సు శిక్షణారంభమున ఎంచుకొనదగినది కాదు. 21 ఏండ్లు నిండి 1500 గంటలు గడచినవారికి, ప్రయాణికుల విమానమునకు కెప్టెనులు కాదలచినవారికి, అది తరువాతి మెట్టు. అమెరికాలో మాత్రము కో-పైలటునకు సైతము ఈ అర్హతయే కావలెను. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరసమీపమున కోల్గన్ ఎయిర్ విమానము కూలి 50 మంది మరణించిన పిమ్మట, మృతుల బంధువుల పట్టుదలతో 2010లో చట్టము మారినది. ఆ విమానమును నడిపిన ఇరువురికిని 1500 గంటలకు మించిన అనుభవమే ఉండెననుట గమనార్హము. గంటల రాశి ఒక్కటియే రక్షకము కాదనువారికి ఈ విషయము బలమైన ఆధారము. ఆ వాదమునకు దగ్గరగా, 2006లో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ బహుసభ్య చోదక లైసెన్సును అంగీకరించెను. ఎగురుటయు సిమ్యులేటరును కలిపి 240 గంటల శిక్షణలో, తొలినుండియు ఇద్దరు కలిసి పెద్ద విమానము నడుపు పద్ధతినే అది నేర్పును. దానిని పొందినవాడు ఏ సంస్థకొరకు తయారైనాడో ఆ సంస్థ నిలిచినంతకాలమే దాని విలువ పూర్ణము. మన విమానసంస్థలు సాధారణముగా కమర్షియల్ లైసెన్సు గలవారినే తీసికొనుచున్నవి గనుక, మన యువకునికి అదియే క్షేమమైన త్రోవ.

హెలికాప్టరు శాఖను మనవారు దాదాపు మరచినారు. కమర్షియల్ హెలికాప్టరు లైసెన్సునకు 150 గంటలే కావలెనుగాని, గంటకు అగు వ్యయము విమానమునకంటె చాల అధికము; నేర్పు సంస్థలు అరుదు; ఈ వృత్తిలోని వారిలో హెచ్చుమంది సైనికదళములనుండి వచ్చినవారే. కాని పనిలో నున్న వైవిధ్యము దీనికే కలదు. సముద్రములోని చమురు వేదికలకు సిబ్బందిని చేర్చుట, వరదలలో చిక్కినవారిని తెచ్చుట, కేదారనాథునికి యాత్రికులను మోయుట దీని పనులు. ఇచట రన్‌వే లేదు, చాలచోట్ల వాతావరణకేంద్రమును లేదు. నేలకు దగ్గరగా కొండల నడుమ ఎగురువాడు పోవలెనా వలదా యను నిర్ణయమును ఒంటరిగా చేయవలసివచ్చును. 2002 మార్చి 3న కైకలూరువద్ద లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగిని, 2009 సెప్టెంబరు 2న వర్షమేఘములు క్రమ్మిన నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిని హెలికాప్టరు ప్రమాదములలో పోగొట్టుకొన్న తెలుగువారికి ఈ వృత్తిలోని గురుత్వము వేరుగా వివరింపనక్కరలేదు. ఎంత పెద్దవారు ఎక్కియున్నను ‘నేడు పోరాదు’ అని స్థిరముగా చెప్పగల స్వభావముగలవాడే ఈ శాఖను ఎంచుకొనవలెను.

దేశసేవయందు అభిలాషగలవారికి, ధనము లేనివారికి, వాయుసేన మరియొక ద్వారము. మన హైదరాబాదు చెంతనే దుండిగల్‌లో వాయుసేన అకాడమీయు, హకీంపేటలో శిక్షణకేంద్రమును ఉండుట మన పిల్లలకు నిత్యము కనబడు ఆహ్వానము. అచట రుసుము లేదు, ఎంపిక మాత్రము కఠినము. ఎన్నేండ్లు సేవ చేయవలెనో ముందే నిబంధన యుండును. దానిని లైసెన్సునకు చౌకబేరముగా చూచువాడు అచటికి పోరాదు.

గ్లైడరు, మైక్రోలైటు, బెలూను లైసెన్సులు ఉన్నవి. పుణెలోని హడప్సర్ గ్లైడింగు కేంద్రము పేరెన్నికగన్నది. గాలిని చదువుట నేర్చుకొనుటకు గ్లైడరును మించినది లేదు. కాని జీవనోపాధికి ఇవి చాలవు. డ్రోను సంగతి వేరు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమములను అనుసరించి, పదవ తరగతి చదివి 18 ఏండ్లు నిండినవారు అధీకృత సంస్థలో కొద్దిదినముల శిక్షణతో రిమోట్ పైలటు ధ్రువపత్రము పొందవచ్చును. మిరపచేలపై, వరిమళ్లపై మందు చల్లు డ్రోను ట్యాంకు పది లీటర్లది. వీపున డబ్బా మోయుచు ఆ మందును పీల్చుచుండిన కూలీకి అది ఎడము కల్పించినది. 15,000 స్వయంసహాయక మహిళా సంఘములకు డ్రోన్లను ఇచ్చు పథకము కేంద్రప్రభుత్వమున కలదు. ఈ ధ్రువపత్రము విమానపు లైసెన్సునకు మెట్టు కాదు, దీని గంటలు దానికి కలియవు. ఊరిలోనే ఉండి సంపాదింపదలచినవారికి ఇది తనంతట తాను ఒక వృత్తి.

చివరగా నేను మనసార సిఫారసు చేయు త్రోవ ఒకటి కలదు: కమర్షియల్ లైసెన్సు తరువాత బోధకుని రేటింగు. విమానసంస్థ కొలువు దొరకనివాని తాత్కాలికాశ్రయముగా దీనిని తక్కువ చూచుచున్నారు. బోధకుడు ప్రతిదినము విద్యార్థి చేయు తప్పును, అది ప్రమాదముగా మారక ముందే, చేయి చాచి సరిదిద్దవలెను. ఎప్పుడు చాచవలెనో, ఎంతవరకు ఓర్చుకొనవలెనో తెలియుట పైలటునకు అబ్బదగిన ఉత్తమవివేకము. వేతనము పొందుచు గంటలు పెరుగును, చేయి తప్పదు, నేర్చినది మరువడు. విమానము దించబోవు విద్యార్థి ముక్కును అతిగా ఎత్తి వేగమును పోగొట్టుకొనుచున్నప్పుడు ఒక్క క్షణము ఆగి ‘వేగము చూడు’ అని మాత్రమే చెప్పి, అతడు తానై సరిదిద్దుకొను అవకాశమిచ్చు బోధకులు దేశమునకు ఇంకను ఎందరో కావలెను. వారు చాలినంతమంది లేకపోవుటయే మన శిక్షణ యింత ఆలస్యమగుటకు ఒక కారణము.

ఆ ఆలస్యమును గూర్చియే చేరబోవు సంస్థను ముందుగా ప్రశ్నింపవలెను. అచట ఈనాడు ఎగురగల స్థితిలోనున్న విమానములు ఎన్ని, మరమ్మతులో నున్నవి ఎన్ని? బోధకులు ఎందరు, విద్యార్థులు ఎందరు? గడచిన యేడు చేరినవారు నెలకు సగటున ఎన్ని గంటలు ఎగిరిరి, వారిలో లైసెన్సు చేతికి వచ్చినవారు ఎందరు? రెండు ఇంజన్ల విమానము సంస్థకు సొంతమా, లేక మరొక ఊరికి పంపుదురా? పాత విద్యార్థుల లాగ్‌బుక్కులను చూడనిత్తురా? నెలకు పది గంటలు ఎగురువానికి 200 గంటలు ఇరువదినెలలు పట్టును. నాలుగు గంటలు ఎగురువానికి నాలుగేండ్లకు పైగా పట్టును, నడుమ మరచినదానిని మరల నేర్చుకొనుటకు అగు ఖర్చు వేరు. ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానమిచ్చి, రుసుమును ఒక్క మొత్తముగా కాక ఎగిరిన గంటలనుబట్టి విడతలుగా పుచ్చుకొనుటకు ఒప్పుకొన్న సంస్థలోనే, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రము చేతనుంచుకొని, చేరవలెను.